వేపకు పేటెంటా?

చిత్తూరు జిల్లాలో వేరుశనగ పైరుకు పురుగు పట్టినప్పుడు వేపగింజలను దంచి, నీటిలో నానబెట్టి, ఆ కషాయాన్ని వడగట్టి చల్లడం రైతులకు తెలిసిన పని. దానికి హక్కుదారు ఎవరని అక్కడ ఎవరూ అడగరు. అయితే వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి తమదని అమెరికా వ్యవసాయశాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ సంస్థ కలిసి కోరగా, ఐరోపా పేటెంటు కార్యాలయం 1994లో పేటెంటు మంజూరు చేసింది.

నూతన ఆవిష్కరణను ఇతరులు అనుమతి లేకుండా వాడకుండా నిర్ణీతకాలం నిరోధించే హక్కే పేటెంటు. దరఖాస్తునాటికే లోకానికి వెల్లడైన విషయం ‘పూర్వజ్ఞానం’. ఆవిష్కరణలోని అంశాలన్నీ అందులో ఒకేచోట కనిపిస్తే నూతనత్వం లేనట్లే. కొన్ని మాత్రమే కనిపిస్తే వివాదం సూక్ష్మమవుతుంది. అయస్కాంత ధ్వనిముద్రణనే చూడండి. ఉక్కురజను చేర్చిన దారంపై శబ్దాన్ని నిలపవచ్చునని ఓబర్లిన్ స్మిత్ 1888లోనే ఒక పత్రికలో వివరించాడు. పదేళ్ల తరువాత డెన్మార్క్ దేశీయుడు వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కుతీగపై శబ్దాన్ని నిలిపి, తిరిగి వినిపించే యంత్రాన్ని నిర్మించి పేటెంట్లు పొందాడు. ఊహ పాతదే, యంత్రం కొత్తది.

వేప విషయంలోనూ ఇదే చిక్కు. పురుగులకు కషాయం చల్లడం వేరు, శిలీంధ్రాలకు ప్రత్యేకంగా తీసిన నూనె వాడడం వేరు. కనుక ‘తాతలనాటి నుంచి మాకు తెలుసు’ అంటే చాలదు. ఏది, ఎప్పుడు, ఎలా చేశారో చూపాలి. వందనా శివ స్థాపించిన పరిశోధన సంస్థ, సేంద్రియ వ్యవసాయోద్యమాల అంతర్జాతీయ సమాఖ్య, ఐరోపా పార్లమెంటులోని గ్రీన్ పక్షం 1995లో అభ్యంతరం తెలిపాయి. మ్యూనిక్ విచారణలో మన దేశపు తయారీదారు ఒకరు తన పూర్వానుభవాన్ని సాక్ష్యంగా చెప్పారు. 2000లో పేటెంటు రద్దయింది. పేటెంటుదారులు అప్పీలు చేయగా, 2005 మార్చి 8న అదీ వీగిపోయింది.

గాయాలు మాన్పే పసుపుపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటుకు ఇటువంటి సాక్షి అక్కరకు వచ్చేవాడు కాడు. విదేశాల్లోని వాడుకను ఆనాటి అమెరికా చట్టం లెక్కించేది కాదు; ముద్రిత రచననే అంగీకరించేది. కోట్లమంది వంటింట్లో ఉన్న జ్ఞానం కంటే కాగితంపై ఉన్న వాక్యానికే విలువ అన్నమాట! శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 32 ఆధారాలను చూపింది. వాటిలో 1953 నాటి భారతీయ వైద్య సంఘం పత్రికలోని వ్యాసం ఒకటి. 1997లో ఆ పేటెంటు రద్దయింది. అమెరికా తన నియమాన్ని మార్చుకున్నది మాత్రం 2013లోనే.

2002లో సవరించిన మన పేటెంట్ల చట్టం ప్రకారం, స్థానిక సమాజాల్లో నోటిమాటగా నిలిచిన జ్ఞానం కూడా అభ్యంతరానికి ఆధారమే. కషాయం చల్లే రైతు దానిని ఎక్కడా రాసి ఉంచనక్కరలేదు. ఆ వాడుక దరఖాస్తుకు ముందునుంచే ఉన్నదని మాత్రం రుజువు కావాలి.