మెదడువాపు రోగి – శుశ్రూష

రోగి సేవకు తెలుగులో మనం వాడే మాట శుశ్రూష. సంస్కృతంలో ఈ పదానికి మొదటి అర్థం ‘వినవలెననే కోరిక’. గురువు మాట వినగోరి ఆయనను సేవించే శిష్యుని పరిచర్యకు చెల్లిన పదం క్రమంగా రోగి పరిచర్యకు కూడ స్థిరపడినది. ఉర్దూలో దీనినే తీమార్‌దారీ అంటాము. ఫార్సీలో ‘తీమార్’ అంటే చింత, రోగిని కనిపెట్టి ఉండడం అని అర్థాలు. ఒక భాష చెవిని పట్టుకొన్నది, మరొకటి మనస్సును. భాషాధ్యాపకునికి ఇటువంటి మాటల మీద మక్కువ సహజమే గాని, వీటిని ఇక్కడ ఎత్తుకోవడానికి వేరే కారణమున్నది. తన బాధ తాను చెప్పుకోలేని రోగిని కనిపెట్టి ఉండడం ఎట్లా అన్నదే ఈ వ్యాస విషయం.

2003వ సంవత్సరం వేసవి చివర నాటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను ఒక భయంకరమైన జ్వరం పట్టుకొన్నది. కరీంనగర్, వరంగల్ జిల్లాలు దీని తాకిడికి తల్లడిల్లినవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు కరీంనగర్ జిల్లాలోనివే; కొత్త జిల్లాలు ఏర్పడినది 2016 అక్టోబరులో. జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆపై మగత. ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు రోజులలోనే అనేకుల ప్రాణాలు పోయినవి. 329 మంది పిల్లలకు వ్యాధి సోకగా 183 మంది మరణించారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు దీనికి చాందీపురా వైరస్‌తో సంబంధమున్నదని 2004లో ప్రకటించారు. 1965లో నాగపూర్ ప్రాంతంలోని చాందీపురా గ్రామంలో జ్వరపీడితుల రక్తంలో మొదట కనుగొన్నందువల్ల దానికి ఆ పేరు వచ్చినది. గోడల నెర్రెలలో, పశువుల కొట్టాలలో ఉండే శాండ్‌ఫ్లై అనే సన్నని ఈగ దీనిని మోసుకొని వస్తుంది.

ఈ వైరస్‌ను చంపే మందు గాని, రాకుండా ఆపే టీకా గాని నేటికీ లేదు. 2024లో గుజరాత్‌లో ఇదే వ్యాధి చెలరేగినప్పుడు సైతం వైద్యుల చేతిలో ఉన్నది ప్రాణాన్ని నిలిపి ఉంచే ఉపచారం మాత్రమే. కనుక ఇటువంటి చోట నర్సును వైద్యునికి సహాయకురాలని మాత్రమే అనడం నాకు సమంజసంగా తోచదు. చికిత్సలో అధిక భాగం ఆమె చేతుల మీదనే జరుగుతుంది.

మెదడుకు సోకే వ్యాధులన్నీ మందు లేనివి కావు. బాక్టీరియా వల్ల మెదడు పొరలకు వచ్చే మెనింజైటిస్‌కు యాంటీబయాటిక్‌లు ఉన్నవి. అయితే గంటల ఆలస్యమే ప్రాణాంతకం కావచ్చును. హెర్పిస్ మెదడువాపుకు ఎసైక్లోవిర్ ఉన్నది. దానిని గంటసేపు నెమ్మదిగా ఎక్కించి, మూత్రం ఎంత వస్తున్నదో కొలుస్తూ ఉండాలి. లేనిచో మూత్రపిండాలు దెబ్బతినవచ్చును. జపనీస్ మెదడువాపుకు మందు లేదు గాని టీకా ఉన్నది. జ్వరంతో పాటు మగత గాని, ఫిట్స్ గాని, మెడ బిగుసుకోవడం గాని కనబడితే అది ఏ రకమో తేల్చుకోవడానికి ఇంటివద్ద కాలం గడపరాదు.

స్పృహ తప్పిన వానికి మొదటి శత్రువు తన నాలుకే. వెల్లకిల పడుకోబెడితే అది వెనుకకు జారి గాలి దారిని మూస్తుంది. ఉమ్మి, వాంతి ఊపిరితిత్తులలోనికి పోతవి. అందువల్ల రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ‘పాపం, నోరెండుతున్నది’ అని చెంచాతో నీళ్లు పోయడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనియే. మింగలేని వానికి ఆ నీరు పోయేది కడుపులోనికి కాదు, ఊపిరితిత్తులలోనికి. ఆసుపత్రిలో ముక్కు గొట్టం ద్వారా ఆహారమిచ్చేది ఇందుకే. జగిత్యాల నుండి కరీంనగర్ దాదాపు 50 కిలోమీటర్లు. 2003లో 108 వాహనాలు లేవు. అవి మన రాష్ట్రంలో మొదలైనది 2005లో. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. అయినా పల్లె నుండి ప్రయాణమంటూ ఉండనే ఉంటుంది. ఆ దారిలో పిల్లవానిని పక్కకు తిప్పి పట్టుకొనే మనిషియే అప్పటికి నర్సు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళపు చెవులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం ఇంకా చూస్తూనే ఉన్నాము. ఇనుము ఏమీ చేయదు. చెంచా పళ్లు విరుస్తుంది. కాళ్లు చేతులు అదిమి పట్టనవసరం లేదు. తల కింద మెత్తని గుడ్డ ఉంచి గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా అది అత్యవసర స్థితి.

పుర్రె ఎముకల పెట్టె వంటిది. లోపల మెదడు వాస్తే జరగడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. అందుచేత వార్డులో శ్వాసకు భద్రత కల్పించిన పిమ్మట మంచపు తలవైపు సుమారు 30 డిగ్రీలు ఎత్తుతారు. మెడ తిన్నగా ఉంచుతారు. మెడ వంగితే తల నుండి రక్తం దిగే సిరలు నొక్కుకొంటవి. నోటి స్రావాలు తీయడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం ఒకదాని వెంట ఒకటిగా చేయక నడుమ విరామమిస్తారు. వెలుతురు, సందడి తగ్గిస్తారు. చూడవచ్చిన బంధువులు ఈ సంగతి గ్రహిస్తే ఎంతో మేలు.

1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ స్పృహను కొలిచే పద్ధతినొకటి ఏర్పరచారు. కన్ను తెరవడం, మాట, కదలిక అనే మూడింటికి మార్కులు వేస్తారు. పూర్తి స్పృహకు 15, అతి తక్కువ 3. 8 లేక అంతకు తక్కువైతే గాఢమైన అపస్మారకం. మాటలు రాని పసివారికి దీనినే కొద్దిగా మార్చి వాడుతారు. ఒక్కసారి వేసిన అంకె కంటె అంకెలో మార్పు ముఖ్యం. ఉదయం 12 ఉన్నది మధ్యాహ్నానికి 10 అయినా, ఒక కంటిపాప పెద్దదైనా, నాడి మందగించి రక్తపోటు పెరిగినా నర్సు తక్షణం వైద్యుని పిలవాలి. నోరులేని దేహం చెప్పేది వినడమంటే ఇదియే. శుశ్రూష అనే మాటకు మొదటి అర్థం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఆపై దీర్ఘమైన దినచర్య. రెండు గంటలకొకసారి ఒత్తిగిలించకపోతే వీపున పుండ్లు పడతవి. మూతపడని కన్నులకు మందు వేసి కప్పకపోతే చూపు చెడుతుంది. నోరు శుభ్రపరచాలి, కీళ్లు మెల్లగా కదిలించాలి. చేసే పనిని రోగికి చెప్పి చేయాలి. పలుకనంత మాత్రాన వినడం లేదని అనుకోరాదు.

అంటుకొంటుందన్న భయం వల్ల కొందరు దగ్గరికే రారు. చాందీపురా ఈగ వల్ల, జపనీస్ మెదడువాపు దోమ వల్ల వస్తవి. రోగిని తాకితే రావు. మెనింగోకాకస్ మెనింజైటిస్ మాత్రం తుంపరల వల్ల అంటుతుంది. సరియైన యాంటీబయాటిక్ ఆరంభించి 24 గంటలు గడిచేదాక వేరు గది, మాస్కు అవసరం. ఇంటివారికి కూడ నివారణ మందు ఇస్తారు.

బ్రతికి ఇల్లు చేరిన పిల్లలలో కొందరికి మాట తడబడుతుంది, జ్ఞాపకం తగ్గుతుంది, కోపం పెరుగుతుంది. బడిలో అట్టివానిని మొద్దు అనక, తల్లిదండ్రులను పిలిచి పూర్వపు జబ్బు సంగతి అడగవలసినది ఉపాధ్యాయుడు. ఫిట్స్ మాత్రలు మూడు నెలలుగా ఏమీ రాలేదని ఇంట్లో మానిపించరాదు. ఎప్పుడు, ఎట్లా తగ్గించాలో వైద్యుడే నిర్ణయించాలి.