ఢిల్లీలో ప్రైవేట్ టూర్ బుక్ చేస్తున్నారా..? గైడ్‌కు డబ్బులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు తెలుసుకోండి!

అమ్మానాన్నలకు ఢిల్లీ చూపించాలనుకుంటున్నారు. బస్సులో నలభై మందితో కలిసి వాళ్లను పరుగులు పెట్టించడం మీకు ఇష్టం లేదు. ఒక కారు, ఒక గైడ్, రెండు రోజులు ఉంటే చాలు అనుకుని ఆన్‌లైన్‌లో వెతికితే ఆఫర్లే ఆఫర్లు. ఒకరు చెప్పే రేటుకు, మరొకరు చెప్పే రేటుకు మూడు నాలుగు రెట్లు తేడా. ఫొటోలు మాత్రం అందరి దగ్గరా అవే.. ఎర్రకోట, కుతుబ్ మినార్, ఇండియా గేట్. మరి తక్కువ రేటుకు టూర్ ఇచ్చేవాళ్లకు గిట్టుబాటు ఎలా అవుతోంది? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరికితే ఏ టూర్ తీసుకోవాలో సగం తేలిపోయినట్టే.

అసలు లెక్క షాపుల్లో ఉంది

చాలా చౌక టూర్లు నడిచేది కమీషన్ మీదే. మధ్యాహ్నం అవ్వగానే డ్రైవర్ "సార్, పది నిమిషాలు.. ఊరికే చూసి రండి, కొనక్కర్లేదు" అంటూ ఓ ఎంపోరియం ముందు కారు ఆపుతాడు. లోపల కార్పెట్లు, పష్మీనా శాలువాలు, రాళ్ల నగలు ఉంటాయి. మీరు కొన్నదాంట్లో కొంత శాతం కారు తెచ్చినవాళ్లకు వెళ్తుంది. ఆ శాతం కూడా కలిపే షాపువాడు ధర చెబుతాడు. ఏమీ కొనకపోయినా గంట సమయం పోయినట్టే. రోజుకు ఇలాంటివి రెండు షాపులు తగిలితే హుమాయూన్ సమాధి మీ లిస్టులోంచి ఎగిరిపోతుంది. "ట్రాఫిక్ ఎక్కువగా ఉంది సార్, టైం సరిపోదు" అన్న మాట అప్పుడే వినిపిస్తుంది.

అందుకే బుక్ చేసే ముందు వాట్సాప్‌లో సూటిగా అడగండి.. "షాపింగ్ స్టాప్‌లు ఉంటాయా? అవి లేకుండా రేటు ఎంత?" నిజాయితీగా నడిపేవాళ్లు దీనికి నొచ్చుకోరు, ఒక రేటు చెబుతారు. సమాధానం దాటవేస్తే మీకు విషయం అర్థమైపోతుంది. ఆ మెసేజ్ అలాగే ఉంచుకోండి, తర్వాత పనికొస్తుంది. నిజంగా ఏదైనా కొనాలనుకుంటే బాబా ఖరక్ సింగ్ మార్గ్‌లో రాష్ట్ర ప్రభుత్వాల ఎంపోరియంలు వరుసగా ఉన్నాయి, మన లేపాక్షి కూడా అక్కడే ఉంది. జన్‌పథ్‌లో సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం ఉంది. వీటికి దగ్గరగా ఉండే పేర్లు పెట్టుకున్న ప్రైవేట్ షాపులూ ఉంటాయి, బోర్డు పూర్తిగా చదవండి.

కారు వేరు, గైడ్ వేరు

డ్రైవర్‌నే గైడ్ అని చెప్పి పంపడం మామూలైపోయింది. డ్రైవర్ కారు పార్కింగ్‌లో పెట్టి కూర్చుంటాడు, కోట లోపలికి రాడు. లోపల దివాన్-ఎ-ఆమ్ ఏదో, దివాన్-ఎ-ఖాస్ ఏదో మీరే ఊహించుకోవాలి. పురావస్తు శాఖ పరిధిలోని కట్టడాల్లో గైడ్‌గా పనిచేయాలంటే లైసెన్స్ ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే ఫొటో గుర్తింపు కార్డును గైడ్లు మెడలో వేసుకుంటారు. ముందురోజే గైడ్ పేరు, కార్డు ఫొటో పంపమని అడగడంలో తప్పేం లేదు.

కార్డు చూస్తే సరిపోదు, ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడండి. ఢిల్లీలో తెలుగు మాట్లాడే గైడ్ దొరకడం కష్టం, ఎక్కువ మంది హిందీ, ఇంగ్లీష్‌లోనే చెబుతారు. వెబ్‌సైట్‌లో 'అన్ని భాషలు' అని రాసి ఉన్నా నమ్మొద్దు. పెద్దవాళ్లకు హిందీ రాకపోతే మీరే పక్కన నిలబడి తెలుగులో చెప్పాల్సి వస్తుంది. అలాంటప్పుడు రోజుకు మూడు చోట్లు చాలు. రివ్యూల్లో ఒకే గైడ్ పేరు పదేపదే కనిపిస్తే ఆ మనిషినే పంపమని అడగండి. ఐదు స్టార్ల రివ్యూల కంటే మూడు స్టార్లవి ఓపికగా చదివితే ఎక్కువ విషయం తెలుస్తుంది.

ఒక్కరోజులో ఎనిమిది చోట్లా?

ప్యాకేజీలో ఎక్కువ పేర్లు ఉంటే లాభం అనుకుంటాం. ఢిల్లీలో అది రివర్స్. ఎర్రకోట ఒక మూలన, కుతుబ్ మినార్ దక్షిణాన మెహ్రౌలీలో, అక్షరధామ్ యమున అవతల ఉన్నాయి. ఈ మూడూ ఒకేరోజు పెట్టారంటే మీరు చూసేది ఎక్కువగా కారు అద్దంలోంచే. ఒకరోజు పాత ఢిల్లీ, ఇంకోరోజు హుమాయూన్ సమాధి, కుతుబ్ మినార్ వైపు.. ఇలా విడగొట్టి ఇచ్చిన ప్లాన్ చూస్తే, ఇచ్చినవాళ్లకు ఊరు తెలుసని అర్థం.

వారాలు కూడా చూసుకోవాలి. సోమవారం ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం అన్నీ మూసే ఉంటాయి. సోమవారానికి ఎర్రకోట టూర్ అమ్ముతున్నారంటే బయటి నుంచి ఫొటో తీయించి పంపించేస్తారన్నమాట. ఆదివారం చాందినీ చౌక్‌లో చాలా షాపులు తెరవరు. ఆగ్రా కూడా కలుపుకుంటే తాజ్ మహల్‌కు శుక్రవారం సెలవు.

చాందినీ చౌక్ విషయంలో ఇంకో సంగతి. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు వరకు ఉన్న ప్రధాన రోడ్డుపై ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలకు అనుమతి లేదు. మరి 'ఏసీ కారులో చాందినీ చౌక్' అంటే ఎలా చూపిస్తారు? అక్కడ నడక, లేదంటే రిక్షానే. రిక్షా డబ్బులు ప్యాకేజీలో ఉన్నాయా, మీరు విడిగా ఇవ్వాలా అన్నది అడగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు. అసలు పాత ఢిల్లీ వరకు కారే అవసరం లేదు.. లాల్ ఖిలా, జామా మసీదు, చాందినీ చౌక్ మూడింటికీ మెట్రో స్టేషన్లు ఉన్నాయి. నడవగలిగినవాళ్లు గైడ్‌ను మాత్రమే మాట్లాడుకుంటే కారు ఖర్చు మిగులుతుంది.

అక్షరధామ్‌లోకి ఫోన్లు, కెమెరాలు, బ్యాగులు తీసుకెళ్లనివ్వరు. బయటికొచ్చాక డ్రైవర్‌ను ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లకముందే మాట్లాడుకోండి. ఫోన్ లేకుండా కుటుంబంలో ఒకరు తప్పిపోతే ఆ గుంపులో వెతకడం మామూలు టెన్షన్ కాదు.

రేటులో ఏమేం ఉన్నాయి?

'8 గంటలు, 80 కిలోమీటర్లు' అన్న లెక్క మనకు తెలిసిందే. కానీ మీటర్ ఎక్కడి నుంచి మొదలవుతుంది? మీ హోటల్ నుంచా, వాళ్ల గ్యారేజీ నుంచా? గ్యారేజీ నుంచి అయితే మీరు కారెక్కకముందే గంట అయిపోవచ్చు. పార్కింగ్, టోల్, డ్రైవర్ బత్తా, ఎంట్రీ టికెట్లు ఎవరు కట్టాలి? ఆగ్రా వెళ్తే యూపీ పర్మిట్ ట్యాక్స్ ఎవరిది? రేటు కారుకా, మనిషికా? 'ప్రైవేట్' అని రాసి దారిలో ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకున్న సందర్భాలూ ఉంటాయి. కాబట్టి "కారులో మేమే ఉంటాం కదా" అని రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. 

టికెట్ల పేరుతో భారీ మొత్తం కలిపితే ఒప్పుకోవద్దు. కుతుబ్ మినార్ లాంటి చోట్ల భారతీయులకు టికెట్ 50 రూపాయల లోపే, 15 ఏళ్ల లోపు పిల్లలకు ఫ్రీ. తాజ్ మహల్ టికెట్ 50, ప్రధాన సమాధి దగ్గరకు వెళ్లాలంటే ఇంకో 200.

చలికాలంలో వెళ్తుంటే కారు ఏ రకమో కూడా అడగాలి. కాలుష్యం పెరిగి గ్రాప్ మూడో దశ ఆంక్షలు వస్తే బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ కార్లను ఢిల్లీలో తిరగనివ్వరు. సీఎన్‌జీ బండి అయితే ఈ గొడవ లేదు. నంబర్ ప్లేట్ పసుపు రంగులో ఉందో లేదో చూడండి. తెల్ల ప్లేటు పెట్రోల్, డీజిల్ కార్లకు అద్దెకు తిప్పే పర్మిట్ ఉండదు.

భోజనం కూడా డ్రైవర్ చెప్పిన హోటల్‌లోనే చేయాలని లేదు. ఇండియా గేట్‌కు దగ్గర్లో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. లైన్ ఉంటుంది కానీ పప్పు, పచ్చడి చూశాక పెద్దవాళ్ల ముఖం వెలిగిపోతుంది. మధ్యాహ్నం అక్కడ ఆపాలని ప్లాన్‌లో ముందే రాయించుకోండి.

ఇంకో జాగ్రత్త.. న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగగానే "గవర్నమెంట్ టూరిస్ట్ ఆఫీస్ ఇటు" అంటూ వెంటపడేవాళ్లతో వెళ్లొద్దు. కన్నాట్ ప్లేస్ చుట్టూ అలాంటి బోర్డులు పెట్టుకున్న ప్రైవేట్ ఏజెన్సీలు ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ ఇండియా టూరిజం కార్యాలయం చిరునామా 88, జన్‌పథ్.

డబ్బు మొత్తం ముందే కట్టకండి. కొంత అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది టూర్ పూర్తయ్యాక ఇస్తామనండి. తేడా వస్తే పర్యాటక శాఖ హెల్ప్‌లైన్ 1363కి ఫోన్ చేయొచ్చు, కానీ అందులో తెలుగు లేదు, హిందీ లేదా ఇంగ్లీష్‌లో మాట్లాడాలి. తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మీరు దాచుకున్న ఆ వాట్సాప్ మెసేజ్, పేమెంట్ స్క్రీన్‌షాట్ అప్పుడు చేతిలో ఉండాలి.