తాటివనం నుంచి ఇప్పవనం దాకా

మా మేనల్లుడికి ఉద్యోగం అమెరికాలో. కిందటి సంవత్సరం సెలవు పెట్టి దక్షిణ అమెరికా చూచి వచ్చాడు. ఏం చూచావురా అంటే గుళ్ళూ కావు, కోటలూ కావు, ద్రాక్షతోటలూ, వంటిళ్ళూనట! అర్జెంటీనాలో మెండోజా అనే ఊరు, చిలీలో సాంటియాగో చుట్టుపట్ల లోయలు. పొద్దున ఒక తోట, మధ్యాహ్నం మరొక తోట. ప్రతి తోటలోనూ నాలుగు గ్లాసుల్లో నాలుగు రకాల వైను అడుగున అంగుళం మేర పోసి ఇస్తారు. వెలుతురుకు పట్టి రంగు చూడాలి, వాసన చూడాలి, గుక్కెడు నోట్లో తిప్పాలి. నచ్చకపోతే ఉమ్మివేయడానికి పక్కన పాత్ర కూడా పెడతారట. ఈ వైభోగానికి జనం సముద్రాలు దాటి, వేలకు వేలు పోసి వెళ్తారు.

నవ్వుకొన్నాను గాని, వాడు చెప్పే సంగతులు వింటూంటే కుతూహలం కలిగింది. మెండోజా అసలు ఎడారిలాంటి ప్రదేశం. ఆండీస్ కొండలమీద మంచు కరిగి వచ్చే నీటిని కాలువల్లోకి మళ్ళించి తోటలు పెంచారు. అక్కడి మాల్బెక్ ద్రాక్ష 19వ శతాబ్దంలో ఫ్రాన్సునుంచి వలస వచ్చినదే; ఇవాళ ఆ పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది అర్జెంటీనాయే. చిలీది మరీ చిత్రం. కార్మెనేర్ అనే ద్రాక్ష ఐరోపాలో తెగులుకు నశించిపోయిందనే అందరూ అనుకొన్నారు. 1994లో ఒక ఫ్రెంచి నిపుణుడు, చిలీవాళ్ళు మెర్లో అనుకొని పెంచుతున్న తీగల్లో దాన్ని గుర్తుపట్టాడు. పాపం, అన్నేళ్ళూ పరాయి పేరుతో బతికిందన్నమాట.

"మన దిక్కు ఇట్లాంటివి ఏమన్నా ఉన్నాయా మామా?" అన్నాడు వాడు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. కరీంనగర్ అంటే వాడికి పెళ్ళిళ్ళకు వచ్చిపోయే ఊరు మాత్రమే.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి కనుక నాకు ముందు పుస్తకమే తట్టింది. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామం మరేమిటి? ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లులో వీధివీధీ తిరుగుతారు, వేడుకలు చూస్తారు, పూటకూళ్ళ ఇంటి భోజనం ముచ్చట కూడా అందులో ఉంది. ఆ కావ్యం శ్రీనాథుడిదేనని వాదించే పండితులున్నారు. ఆ తగవు ఇక్కడ వద్దు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించినప్పుడు రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, ఇటువంటి కావ్యాల్లోంచే మనవాళ్ళ తిండినీ బట్టనూ ఆటపాటలనూ ఏరి చూపించారు. కనుక రుచుల కోసం ఊళ్ళు తిరగడం మనకు కొత్త విద్య కాదు. ఫాల్గుణమాసంలో ఒక శని, ఆదివారాలు వీలు చేసుకొని నేనూ, మా శ్రీమతీ, వాడూ బయలుదేరాము.

మొదటి మజిలీ ఎంతో దూరం లేదు. కరీంనగర్ దాటి గంగాధర వైపు పోయే దారిలో ఒక తాటివనం. తెల్లవారుతూ ఉంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. మేము ఆ చెట్టు కిందికి కల్లుకే వెళ్ళాము గనుక ఆ చిక్కు లేదు. ముందురోజు కబురు పెట్టి ఉంచిన గౌడు అప్పటికే చెట్టుమీద ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. నడుముకు మోకు, కాళ్ళకు గుజి, ముస్తాదులో కత్తులు. అరవై అడుగుల ఎత్తున నిలబడి, గెల కొనను రేకంత పలచగా చెక్కి, లొట్టి మార్చి, దిగి వస్తున్నాడు. ఈ పని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్క పూట మానినా గెల ఎండిపోతుంది. పండుగ లేదు, జ్వరం లేదు.

లోపల సున్నం పూసిన లొట్టి ఒకటి ప్రత్యేకంగా దింపించాము. అందులోది నీరా. సున్నం ఉంటే పులియదు. తాటాకు రేకలు మడిచి పోశాడు. మా శ్రీమతి మొదట కొంగు అడ్డం పెట్టుకొంది. తరవాత రెండో రేక అడిగింది. చెరకురసం కన్నా తేలిక, కొబ్బరినీళ్ళ కన్నా తీపి. అటుపైన సున్నం లేని లొట్టి. రాత్రి కారిన రసం అప్పుడే నురగ కడుతూ ఉంది. గాలిలోనూ కుండ గోడల్లోనూ ఉండే ఈస్టు, రసం కారిన క్షణంనుంచే తీపిని పట్టుకొంటుంది. ఎవరూ తోడు వేయనక్కరలేదు.

"పొద్దుగాల్ల తాగితె పాలు సారూ, పగటీలికి కల్లు, పొద్దుమీకితె పులుసు," అన్నాడు గౌడు.

నాకు అసలు సంగతి అక్కడ తెలిసింది. వైనుకు ఆయుష్షు ఎక్కువ. సీసాలో పోసి బిరడా బిగించి పదేళ్ళు నేలమాళిగలో పడుకోబెట్టవచ్చు, ఓడలెక్కించవచ్చు, పుట్టిన ఊరు పేరు చీటీమీద అచ్చువేసి అమ్మవచ్చు. కల్లుకు ఆయుష్షు ఒక్క పూట. మరునాటికి అది పుల్లనీళ్ళు. అందుకే దానికి చీటీ లేదు, ఎగుమతి లేదు, పేరు లేదు. చెట్టు దగ్గరికి మనిషే పోవాలి. మన ఊళ్ళలో పోయేవారు కూడా. ఎల్లమ్మకు, పోచమ్మకు సాక పోయాలన్నా, చుట్టం వచ్చినా, చావు అయినా కల్లు ఉండవలసిందే. ఆడా మగా, పెద్దా చిన్నా అన్న తేడా లేదు. నేను మద్యం గొప్పను చాటడానికి బయలుదేరలేదు. సీసా సారా కూల్చిన సంసారాలు ఎన్నో మన కళ్ళ ముందే ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఊరికే వీధికెక్కలేదు. కాని చెట్టుకింది కల్లును, సీసాలోని సారాను ఒకే గాట కట్టడం నాకు న్యాయంగా తోచదు.

కల్లును ప్రయాణం చేయించబోయినచోటే అనర్థమంతా వచ్చింది. పట్నంలో తాగేవారు వేలు, చెట్లు పదులు. అప్పుడేం చేస్తారు? నీళ్ళు కలిపి, తీపికి సాకరిన్ వేసి, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, అల్ప్రజోలాం వంటి మందులు కలుపుతారు. ఇవి నిద్రమందులు. అలవాటు పడ్డవాడికి ఒక్కరోజు అందకపోతే చేతులు వణుకుతాయి, మతి చలిస్తుంది, మూర్ఛలు వస్తాయి. 2015లో అధికారులు కల్తీమీద దాడులు చేసినప్పుడు తెలంగాణ ఆసుపత్రులు ఇట్లాంటి రోగులతోనే నిండాయి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వాళ్ళు తాగినదాంట్లో తాటిచెట్టు వాటా ఎంతో!

మేనల్లుడు ఇక్కడ చిలీ ముచ్చట ఒకటి ఎత్తాడు. అక్కడ కూడా ఒక తాళవృక్షం ఉంది, మన తాటికి దూరపు చుట్టం. 1834లో డార్విన్ ఆ దేశంలో తిరుగుతూ దాని రసం తీసే పద్ధతిని చూచి రాసిపెట్టాడు. చెట్టును మొదలంటా నరికి పడగొడతారు. తల కొండ ఎగువకు ఉండేటట్టు పడాలి. మోవు నరికితే నెలల తరబడి రసం కారుతుంది. రోజూ పొద్దున ఒక పలచని పొర చెక్కుతూ ఉండాలి. మంచి చెట్టు 90 గాలన్లు ఇస్తుందట. రసాన్ని కాచి పానకం చేస్తారు. చెక్కే విద్య ఒక్కటే, కాని అక్కడ చెట్టు ప్రాణం పోయింది. ఇప్పుడక్కడ మిగిలిన చెట్లకు చట్టమే కాపలా.

"మనకాడ చెట్టు సావదు సారూ. సస్తె మేమే సస్తం," అన్నాడు గౌడు, మోకు చుట్టుకొంటూ.

హాస్యానికి అనలేదు. చెట్టుమీదినుంచి పడ్డవారు లేని గీత పల్లె లేదు. తెలంగాణ ఏర్పడ్డాక చెట్టు పన్ను పోయింది. 2024 జూలైలో ప్రభుత్వం గీతకార్మికులకు ‘కాటమయ్య రక్షణ కిట్లు’ ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. తాడు తెగినా, కాలు జారినా మనిషి కింద పడకుండా పట్టుకొనే సాధనమట. ఈయనకు ఇంకా అందలేదు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. మనుమడు మోకు ముట్టడు. పక్కనే ఉన్న ఈతచెట్టును చూపించాడు: ఏటా ఒక పక్క గీత పెట్టి, మరు ఏడు రెండో పక్క మారుస్తారు గనుక మాను మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో తెలుస్తుంది. మావాడు పదిహేడు దాకా లెక్కపెట్టి వదిలేశాడు.

తరవాత దారి అంతా తిండి. కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకొని, జగిత్యాలలో బంధువుల ఇంట సర్వప్ప తిన్నాము. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి సర్వ లోపలి గోడలకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి, సన్నని సెగమీద మాగబెడతారు. అడుగు ఎర్రగా పెళుసు, పైన మెత్తన. రెండో వాయికి గిన్నెను నీళ్ళలో చల్లార్చి మళ్ళీ అద్దుతారు. ఇది హోటలు వంట కాదు, తొందర పనికిరాదు. కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూరు దగ్గర అంకాపూర్. విత్తనాల సేద్యానికీ నాటుకోడి కూరకూ పేరుపడ్డ పల్లె. ముందుగా ఫోను చేస్తే కిలోల లెక్కన వండి, అన్నంతో సహా ఇస్తారు. మా శ్రీమతికి శనివారం నియమం. రోడ్డుపక్క కాల్చిన మక్కకంకులతో సరిపెట్టుకొంది. కారం తట్టుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది మాత్రం మేనల్లుడు.

సోన్ దగ్గర గోదావరి దాటి, బొమ్మల నిర్మల్‌లో ఆగకుండా, ఘాటు ఎక్కి, గుడిహత్నూర్ మీదుగా ఇంద్రవెల్లి చేరేసరికి చీకటి పడింది. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో నేలకొరిగిన గోండుల స్మారకస్తూపం అక్కడే ఉంది. దగ్గరలో కేస్లాపూర్. పుష్య అమావాస్యకు మెస్రం వంశంవారు గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన నీళ్ళు తెచ్చి నాగోబాకు పూజ చేసే చోటు. జాతరకు వంశంవారు ఎన్ని వందలమంది వచ్చినా వారి వంటకు 22 పొయ్యిలే. నార్నూరులో, పుష్య పౌర్ణమినాడు, తొడసం వంశపు ఆడపడుచు ఖాందేవుని ఎదుట నువ్వులనూనె కిలోల లెక్కన తాగుతుంది. మావాడు ఇది నమ్మలేదు. ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్న నా పాత విద్యార్థి, ఆ రాత్రి మాకు జొన్నరొట్టె, కందిపప్పు పెట్టి, ఫోనులో ఆ వేడుక బొమ్మలు చూపించాక నోరు మూసుకొన్నాడు.

మరునాడు తెల్లవారుజామున ఇప్పవనం. సంస్కృతంలో మధూకం. చెట్టుకు ఆకు ఒక్కటి లేదు. మీదినుంచి టపటప పూలు రాలుతున్నాయి. వెన్నరంగు, ముత్యమంత బుగ్గలు, నిండా తేనె. కింద ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలతో ఏరుకొంటున్నారు. పూలు రాలేది రాత్రి చివరిజామునుంచి పొద్దెక్కేదాకే. ఎలుగుబంటికి ఇవంటే ప్రాణం గనుక మాట్లాడుకొంటూ, కేకలు వేసుకొంటూ ఏరాలి. ఏ చెట్టు ఎవరి ఇంటిదో ఊళ్ళో అందరికీ తెలుసు.

తాటికల్లులా కాదు ఇప్పపువ్వు. ఎండబెడితే ఎర్రబారి, కిస్‌మిస్‌లా ముడుచుకొని ఏడాదిపాటు నిలుస్తుంది. వానకాలం గింజలు అయిపోయినప్పుడు దాన్ని ఉడికించుకొని, జొన్నపిండిలో కలిపి రొట్టె చేసుకొని గోండు ఇళ్ళు రోజులు వెళ్ళదీసేవి. తరవాత కాయలు, కాయల్లోని పలుకులనుంచి నూనె. వంటకూ దీపానికీ అదే. అన్నం పెట్టే చెట్టు అది. సారా తరవాతి ముచ్చట. కాని బయటివాడికి ఇప్ప అనగానే సారాయే గుర్తొస్తుంది. గోవావాళ్ళ జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చి దుకాణాల అద్దాల వెనక కూర్చుంది. మన ఇప్పసారా కాచితే కేసు. ఈ తేడా ఎందుకో ఆబ్కారీవారే చెప్పాలి. అయితే ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘం పెట్టుకొని ఇప్పపూలు, నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి లడ్డూలు చేస్తున్నారు. ఆశ్రమ పాఠశాలల పిల్లలకు రక్తహీనత తగ్గాలని ఇవి పెట్టించారు కూడా. నేను రెండు తిన్నాను. ఖర్జూరం రుచి, చివర కొంచెం వగరు.

ఏరుతున్న ఒక ముసలామె మావాడి చేతిలో దోసెడు పచ్చిపూలు పోసింది. గోండీలో ఏదో అంది. "ఆ కొమ్మకింది పూలే బాగుంటాయట, ఇటువైపువి చప్పననట," అని నా విద్యార్థి తెలుగు చేశాడు. ఒకే చెట్టులో ఈ కొమ్మకూ ఆ కొమ్మకూ తేడా! మావాడు రెండువైపులవీ తిని, కాసేపు ఆలోచించి, ఆమె అన్నది నిజమేనన్నాడు.

తిన్న పూలకు ఆమె డబ్బు పుచ్చుకోలేదు. మేము కొన్న రెండు కిలోల ఎండుపూలకు మాత్రం తూకం రెండుసార్లు చూచి, నోట్లు లెక్కపెట్టి, కొంగున ముడివేసుకొంది. పొద్దెక్కుతూ ఉంది. ఊరి మేకలమంద వాగు దాటి వస్తున్న చప్పుడు విని, బుట్ట ఎత్తుకొని గబగబా రెండో చెట్టు కిందికి పోయింది.