పాలపండ్లను ఉపేక్షింపరాదు

“పాలపన్నే గదా, ఊడిపోవును, క్రొత్తది వచ్చును” అను మాట మన పల్లెలలో తరచుగా వినుచుందుము. రాత్రియంతయు పంటిపోటుతో ఏడ్చిన బిడ్డకు లవంగనూనెలో తడిపిన దూది పెట్టి తెల్లవార్చెదరు. పోటు తగ్గినంతనే ఆ సంగతి మరతురు. కాని పోటు తగ్గినంత మాత్రమున వ్యాధి నయమైనట్లు కాదు. పెక్కుసారులు పంటిలోని నాడి చచ్చుటయే అందుకు కారణము.

పాలపండ్లు 20. ఇవి 6వ నెల ప్రాంతమున మొలవ నారంభించి, 3వ యేటికి పూర్తియగును. ముందుపండ్లు 6, 7 ఏండ్లకే ఊడినను, వెనుక దవడపండ్లు 10 మొదలు 12 ఏండ్ల వరకు నిలువవలెను. అవి ముందే పోయినచో ప్రక్కపండ్లు ఆ సందులోనికి ఒరిగి, రావలసిన పంటికి చోటు లేకుండ చేయును. పుచ్చు వేరు దాక పోయినచో చీము పట్టును. లోపల తయారగుచున్న శాశ్వతదంతమునకును హాని కలుగవచ్చును.

అట్టి పంటిని కాపాడు చికిత్స కలదు. పంటి నడుమ రక్తనాళములు, నాడులు గల మెత్తని గుజ్జు ఉండును. పైభాగము మాత్రమే చెడినచో వైద్యుడు దానిని తీసి, మందు నుంచి, వేరులలోని గుజ్జును కాపాడును. ఇది పల్పాటమీ. వేరులలోనిది కూడ చెడినచో, అంతయు తీసి, శుభ్రపరచి, ముద్దమందుతో నింపును. ఇది పల్పెక్టమీ. క్రొత్త పన్ను వచ్చుకొలది పాలపంటి వేరు కరగవలెను గనుక, పెద్దల పండ్లలో నింపు పదార్థమును గాక, కరగెడి మందునే వాడుదురు. పిదప దవడపంటికి ఉక్కు తొడుగు వేయుదురు. మత్తుసూది ఇచ్చి చేయుదురు గనుక బాధకు వెరవనక్కరలేదు. నిలుపవీలుకాని పంటిని తీసివేసినచో, అవసరమును బట్టి, చోటు మూసికొనకుండ తీగ అమరిక పెట్టుదురు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లలను అంగన్‌వాడీలలో ఏట రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలలో ఒకసారి పరీక్షింపవలెను. పండ్లును అందులోనివే. పంచాయతీ సభ్యులు ఆ దినమును ముందుగా తెలిసికొని చాటింపు వేయించవలెను. ఆసుపత్రికి పొమ్మన్న పిల్లలు నిజముగా పోయిరా లేదా అని విచారింపవలెను. ముఖము వాచి జ్వరము వచ్చిన బిడ్డను ఆ దినమే ఆసుపత్రికి చేర్పింపవలెను.

రాత్రి చక్కెరపాల సీసాతో బిడ్డను పండుకొనబెట్టరాదు. 3 ఏండ్ల లోపు బియ్యపుగింజంత, తరువాత బఠాణిగింజంత ఫ్లోరైడు పేస్టుతో పెద్దలే రెండు పూటల తోమవలెను, పేస్టును మ్రింగనీయరాదు. రాబోవు గ్రామసభలో ఈ నాలుగు మాటలు తల్లులకు చెప్పుడని సభ్యులను కోరుచున్నాము.