పట్టాలో మారిన ఒక్క మాట

మద్రాసు వైపు నుంచి వచ్చే రైళ్లు సంత్రాగాఛిని దాటి హౌరా చేరుకుంటాయి. కొలువుల కోసం కలకత్తాకు తరలిన తెలుగువారికి తరతరాలుగా పరిచయమైన మార్గమిది. ఆ మహానగరంలో 1948లో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో ఇంజనీరుగా చేరిన అయ్యలసోమయాజుల లలిత జీవితం నేటికీ స్మరణీయం.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో జన్మించారు. పదిహేనో ఏట వివాహమైంది. 1937లో భర్త మరణించేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, చంటిబిడ్డకు నాలుగు నెలలు. వితంతువులకు శిరోముండనం, ఏకాంతవాసం విధించే ఆచారాలు ఇంకా చెలామణీలో ఉన్న రోజులవి. ఆమె మాత్రం చదువును ఆశ్రయించారు.

తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో విద్యుత్ శాస్త్ర ఆచార్యులు. కుమార్తెకు ప్రవేశం కల్పించాలని ఆయన కోరగా, ప్రిన్సిపాల్ కె.సి. చాకో అంగీకరించారు. అంతవరకు పురుషులే చదివిన ఆ కళాశాలలో 1940లో లలిత అడుగుపెట్టారు. ఆ తరువాత సివిల్ ఇంజనీరింగ్‌లో లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా చేరారు. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజనీరు పదవిని అధిష్టించారు.

పట్టాల అచ్చు పత్రంలో పురుషుణ్ని సూచించే సర్వనామమే ఉండేది. దానిని కొట్టివేసి, స్త్రీని సూచించే పదం రాసి లలితకు పట్టా ఇచ్చారు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందిన ఆమె సిమ్లాలో ప్రభుత్వోద్యోగం చేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనలకు తోడ్పడ్డారు. అనంతరం కలకత్తా చేరారు.

అక్కడ ఆమె పని విద్యుత్ సరఫరా లైన్లు, సబ్‌స్టేషన్ల రూపకల్పన. భాక్రా నంగల్ జలవిద్యుత్ జనరేటర్ల పనిలోనూ పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమ్మేళనానికి చీరకట్టుతోనే హాజరయ్యారు. 1977లో పదవీ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న కన్నుమూశారు.

సంత్రాగాఛి ఉన్న హౌరాలోనే శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఇలా మజుందార్ 1951లో అక్కడ మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన తొలి మహిళ అయ్యారు. ఇప్పుడు ఇంజనీరింగ్ తరగతులలో బాలికలు కనిపించడం వింత కాదు. కాని చదువుకు, ఉద్యోగానికి బిడ్డ పెంపకాన్ని అడ్డుగా చూపే ధోరణి పూర్తిగా సమసిపోలేదు.

లలిత విజయం వెనుక ఆమె పట్టుదలతోపాటు మరి రెండు ఆసరాలున్నాయి. బిడ్డ బాధ్యతను పంచుకున్న పుట్టింటివారు ఒకరు, కాదనకుండా తలుపు తెరిచిన కళాశాల మరొకటి. ఆ రెండూ దొరకని తల్లుల చదువు, కొలువు ఏమవుతున్నాయన్నదే ఆమె జీవితం నేటి సమాజం ముందుంచే ప్రశ్న.