మన్యంలో భూమి హక్కు

ఖమ్మం జిల్లా దక్షిణ సరిహద్దున ఉన్న ఎర్రుపాలెం మండలంలో రైతు తన పొలాన్ని అమ్మదలిస్తే ధర కుదిరినవారెవరైనా కొనవచ్చు. అక్కడి నుండి ఈశాన్యంగా అడవుల మీదుగా భద్రాచలం ఏజెన్సీకి చేరితే ఈ నియమం చెల్లదు. షెడ్యూల్డు ప్రాంతంలోని ఆ గ్రామాలలో గిరిజనేతరుడు ఎంత ధర చెల్లించినా సెంటు భూమిని కూడ చట్టబద్ధంగా కొనలేడు. ఒకే దేశంలో భూమికి రెండు న్యాయాలు ఎందుకన్న ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది.

గోదావరికి ఇరువైపుల ఉన్న ఈ అడవులలో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా నివసిస్తున్నారు. పూర్వం వారి వ్యవసాయానికి హద్దురాళ్ళు, పట్టాలు లేవు. వాగు, చెట్టు, పెద్దల మాట - ఇవే సరిహద్దులు. మైదానం నుండి వచ్చిన వర్తకుడు, వడ్డీవ్యాపారి మాత్రం కాగితంతో వచ్చారు. ఉప్పుకో, బట్టకో, పెళ్ళి ఖర్చుకో చేసిన అప్పు కొన్నేళ్ళలో వడ్డీతో పెరిగి భూమిని మింగేది. చదవలేని పత్రంపై వేసిన వేలిముద్ర న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలిచేది. పెద్దల మాట నిలిచేది కాదు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీపై ఆంక్షలు విధించినా అన్యాక్రాంతం ఆగలేదు. 1922-24 నాటి మన్యం తిరుగుబాటు బ్రిటిష్ పాలనలో, 1940లో కొమురం భీం మరణం నిజాం పాలనలో జరిగాయి. రెండింటి వెనుకను అడవి, భూమి ఉన్నాయి.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ అనుభవాన్ని విస్మరించలేదు. 244వ అధికరణం, అయిదవ షెడ్యూలు గవర్నరుకు అసాధారణమైన అధికారాన్ని ఇచ్చాయి. శాసనసభ చేసిన చట్టమే కాదు, పార్లమెంటు చేసిన చట్టం కూడ షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదని ఆయన ప్రకటించవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో భూమి బదిలీని నిషేధించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి భూ బదలాయింపు నిబంధన ఆ విధంగా వచ్చినదే. అది 1963లో తెలంగాణకు విస్తరించింది.

అసలైన మార్పు 1970 నాటి సవరణతో వచ్చింది. చదువు రానివాడు, న్యాయవాదిని పెట్టుకొనలేనివాడు కాగితం ఉన్నవానితో ఎట్లు వాదించగలడు? సవరణ నిరూపణ భారాన్ని తలక్రిందులు చేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకొనవలసినవాడు అనుభవదారుడే. ఒక గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మడం కూడ నిషిద్ధమైంది.

దీనిని గిరిజనేతరులు న్యాయస్థానంలో సవాలు చేశారు. ఏజెన్సీలోని గిరిజనేతరులందరూ భూస్వాములు కారు. బ్రతుకుతెరువుకై వచ్చి స్థిరపడిన పేదరైతులూ ఉన్నారు. కనుక సమానత్వ హక్కుకు భంగం కలుగుతున్నదన్న వాదనను తేలికగా కొట్టివేయరాదు. సుప్రీంకోర్టు 1988లో దానిని పరిశీలించి నిబంధన రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది.

తరువాతి వివాదం మరింత ఆసక్తికరమైనది. విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు గనుల లీజులిచ్చింది. ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ వాటిని ప్రశ్నించింది. ‘ఏ వ్యక్తీ’ గిరిజనేతరునికి భూమి బదిలీ చేయరాదని నిబంధన అంటున్నది. మరి ప్రభుత్వం కూడ వ్యక్తియేనా? 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు అవునన్నది. ప్రభుత్వం తన సొంత భూమినైనా షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వరాదని తేలింది. రక్షకుడే నియమానికి లోబడవలసి రావడం ఈ తీర్పులోని విశేషం.

1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో సాగు చేసుకొనేవారికి మరికొన్ని హక్కులను చేర్చాయి.

అయితే 1970 నిబంధన రక్షించేది షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని. ఆ ప్రాంతాన్ని విడిచి వెళ్ళిన మనిషి వెంట అది వెళ్ళదు. పోలవరం ముంపు దృష్ట్యా 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నింటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రాష్ట్రం మారినా అవి షెడ్యూల్డు ప్రాంతాలుగానే ఉన్నాయి. కాని నీట మునిగే పొలానికి బదులుగా మైదానంలో భూమి లభిస్తే దానికి ఈ నిబంధన వర్తించదు. నిర్వాసిత గిరిజనులకు ప్రాధాన్యంగా అదే షెడ్యూల్డు ప్రాంతంలో, ఒకేచోట పునరావాసం కల్పించాలని 2013 నాటి భూసేకరణ చట్టం చెబుతున్నది. తమ భాషను, సంస్కృతిని నిలుపుకొనడానికని ఆ చట్టమే కారణం కూడ పేర్కొన్నది.