హార్డు డిస్కు చెడిపోయినపుడు సంఘములు చేయవలసిన పని

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన నేత కుటుంబములకు సంబంధించిన నూలు పద్దు, కూలి పద్దు, పొదుపు నిధి లెక్కలు ఇపుడు చాలవరకు సంఘము కంప్యూటరులోనే ఉండుచున్నవి. జకార్డు నమూనాలు కూడ అట్టలకు ఎక్కకముందు అందులోనే గీయబడుచున్నవి. ఇన్నిటిని దాచుకొన్న హార్డు డిస్కు ఒక ఉదయమున పలుకకపోయినచో మరమ్మతు చేయువారు వచ్చి, "డిస్కు పోయినదండి, కొత్తది వేసి విండోసు ఎక్కించెదము, పూటలో అయిపోవును" అని చెప్పుదురు. వారి మాట నిజమే. అయితే ఆ పూటలో తిరిగివచ్చునది యంత్రము మాత్రమే. సభ్యుల లెక్కలు వాటంతట అవి రావు. ఈ భేదము తెలియక యంత్రమును బాగుచేయించుకొని లెక్కలు పోగొట్టుకొన్నచో నష్టపడునది మగ్గముమీద కూర్చున్న మనిషి. అందుచేత ఈ విషయమును కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

విండోసు వంటి ఆపరేటింగు సిస్టము మగ్గమునకు అచ్చు, పన్నె, తొక్కుడు కర్రల అమరిక వంటిది. అది లేనిదే ఏ పనియు సాగదు గాని, దానిని ఎన్నిసార్లయినను మరల కట్టుకొనవచ్చును. మన లెక్కలు, నమూనాలు మగ్గముపై నేసిన చీర వంటివి. మగ్గము కాలినచో కొత్త మగ్గము వచ్చును గాని ఆ చీర రాదు.

హార్డు డిస్కులో అద్దమువంటి పళ్ళెములు నిమిషమునకు 5400 లేక 7200 చుట్లు తిరుగుచుండును. వాటిపై చదువు తల, తలవెంట్రుక మందములో వేయవ వంతుకన్న తక్కువ ఎడముతో, పళ్ళెమును తాకకుండ తేలుచుండును. ఇట్టి సున్నితమైన వస్తువును మరమగ్గముల షెడ్డుకు ఆనుకొనియున్న గదిలో, అదురుచున్న బల్లమీద, నూలు ధూళి మధ్య పెట్టి, వేసవి కరెంటు హెచ్చుతగ్గులకు వదలినచో అది ఎన్నాళ్ళు నిలుచును? 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొదటి డిస్కు యంత్రమునకు 24 అంగుళముల పళ్ళెములు 50 ఉండగా, అందులో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు చొక్కా జేబులోని పెన్ డ్రైవులో దానికి వేల రెట్లు పట్టును. ఎంత ఎక్కువ పట్టునో, చెడినపుడు అంత ఎక్కువ పోవును.

కావున మొదట చూడవలసినది కొత్త డిస్కును కాదు, పాతదానిని. లోపలినుండి టక్కు టక్కుమని శబ్దము వచ్చుచున్నచో వెంటనే కరెంటు తీసివేయవలెను. మరల మరల వేసి చూచినకొద్ది చదువు తల పళ్ళెమును గీరి, మిగిలియున్నది కూడ పోవును. ఫ్రిజ్జులో పెట్టిన బాగుపడునని కొందరు చెప్పుదురు; దానివలన లోపల చెమ్మ చేరుటయే తప్ప వేరు లాభము లేదు. మూత విప్పి చూచుట అసలే కూడదు. శబ్దమేమియు లేక నెమ్మదించినంత మాత్రమే అయినచో, దానిని వేరొక కంప్యూటరుకు తగిలించి ముందుగా లెక్కల ఫోల్డరులను నకలు తీసుకొనవలెను. కొత్త యంత్రములలో పెక్కింటికి బిట్‌లాకర్ అను తాళము దానంతట అదే పడియుండును. అట్టి డిస్కును మరియొక యంత్రమున చదువుటకు 48 అంకెల తాళపుసంఖ్య కావలెను. యంత్రము బాగున్న రోజులలోనే దానిని కాగితముపై వ్రాసి నగదు పెట్టెలో ఉంచుట మంచిది.

గ్యారంటీ కాలము మిగిలియున్నదని పాత డిస్కును కంపెనీకి పంపినచో, సాధారణముగా వారు వేరొకటి ఇత్తురు గాని పాతది తిరిగి రాదు. లోపలి లెక్కలు అవసరమైనచో తొందరపడి పంపరాదు. దుకాణములో వదలి వచ్చుట కూడ తగదు. సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు అందులో ఉన్నవి కదా!

కొత్తది కొనునపుడు తిరుగుడు పళ్ళెములు లేని ఎస్.ఎస్.డి. రకమును తీసుకొనుటయే మా అభిప్రాయము. అది మగ్గముల అదురునకు చలింపదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొనువారు పాత డిస్కును వెంట తీసుకొనిపోయి, తమ యంత్రమున ఏ ఆకారపుది పట్టునో చూపి కొనవలెను.

ఇక విండోసు మాట. డిస్కు మార్చినంత మాత్రమున దానిని మరల కొననక్కరలేదు. ఈ సంగతి తెలియక డబ్బు పోసిన వారున్నారు. విండోసు 8 మొదలుకొని కంపెనీవారు ఎక్కించి ఇచ్చిన యంత్రములలో దాని తాళపుసంఖ్య మదరుబోర్డులోనే ఉండును. ఇంటర్నెట్టు తగులగానే యంత్రమే దానిని గుర్తించును. పూర్వమున్నది హోమ్ రకమైనచో హోమ్, ప్రో అయినచో ప్రో ఎక్కించుట మాత్రము మరువరాదు. "ఉచితముగా వేసెదము" అని తాళము పగులగొట్టిన విండోసును ఎక్కించువారిని దగ్గరకు రానీయరాదు. అట్టి దానితో వైరసు కూడ రావచ్చును. సంఘము బ్యాంకు లావాదేవీలు అదే యంత్రముపై జరుగుచున్నవని గుర్తుంచుకొనవలెను.

విండోసు 7కు 2020 జనవరితోను, విండోసు 10కి 2025 అక్టోబరు 14తోను కంపెనీవారి సాధారణ సంరక్షణ ముగిసినది. విండోసు 11 ఎక్కవలెనన్న టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము, ఇంటెల్ అయినచో ఇంచుమించు ఎనిమిదవ తరము ప్రాసెసరు ఉండవలెను. అంతకన్న పాత యంత్రమునకు ఉబుంటు గాని, మన సి-డాక్ వారి బాస్ లినక్సు గాని ఉచితముగా వేసుకొనవచ్చును. కాని ట్యాలీ వాటిపై నేరుగా నడువదు.

ఎక్కించు పద్ధతి కష్టమైనది కాదు. మరియొక కంప్యూటరునుండి మైక్రోసాఫ్టువారి సొంత స్థలము ద్వారా 8 జి.బి.కి తగ్గని ఖాళీ పెన్ డ్రైవులో విండోసును సిద్ధము చేసుకొనవలెను. దానిని తగిలించి, యంత్రము వేయగానే ఎఫ్ 12 మీట (హెచ్.పి. వారిదైనచో ఎఫ్ 9) నొక్కి పెన్ డ్రైవును ఎన్నుకొనవలెను. తాళపుసంఖ్య అడిగినపుడు లేదని చెప్పి ముందుకు సాగవచ్చును. డిస్కును చూపమని అడుగు ఘట్టమునకు రాకముందే, లెక్కల నకళ్ళున్న డిస్కు ఏదైన తగిలియున్నచో ఊడదీయవలెను. తొందరలో దానినే చెరిపివేసిన పిమ్మట ఏడ్చి లాభములేదు. కొన్ని కొత్త ఇంటెల్ యంత్రములలో డిస్కు అసలే కనబడదు. అంతమాత్రమున కొత్త డిస్కు చెడ్డదని తిరిగి ఇచ్చివేయరాదు. యంత్రపు కంపెనీవారిచ్చు నిల్వ డ్రైవరును ముందు ఎక్కించినచో కనబడును.

అసలు చిక్కులు తరువాత మొదలగును. మన సరిహద్దు తాలూకాలలో ప్రభుత్వ కార్యాలయములకు ఉత్తరములు కన్నడమున నుడితోను, సభ్యులకు ప్రకటనలు తెలుగున అను అక్షరములతోను వ్రాయుట వాడుక. ఆ రెండును కొత్త విండోసులో ఉండవు. పాత ఉత్తరమును తెరచినచో పిచ్చి గీతలు కనబడును. అది చెడినదని చెరిపివేయవద్దు. అక్షరములు మరల ఎక్కించినచో యథాప్రకారము చదువవచ్చును. ఇకముందు వ్రాయునవి యూనికోడులో వ్రాసినచో ఈ బాధయే యుండదు. నిర్మలా అక్షరములు విండోసుతోనే వచ్చును, రెండు భాషలకును పనికివచ్చును.

ట్యాలీని మరల చలనములోనికి తెచ్చుటకు సంఘము పేర నమోదైన ఈ-మెయిలు అవసరమగును. దానిని మొదట ఎక్కించిన దుకాణదారు తన మెయిలునే ఇచ్చియుండవచ్చును. నేడే విచారించి సంఘము పేరికి మార్పించుకొనవలెను. సంతకపు టోకెనుకు, ప్రింటరుకు డ్రైవరులు మరల వేయవలెను. నమూనా గీయు సాఫ్టువేరునకు బిగించు తాళపుగుబ్బ ఉన్నచో జాగ్రత్త. నమూనాల ఫైళ్ళలో ఒక్కొక్క గడి ఒక్కొక్క పోగునకు గుర్తు గనుక, వాటిని ఫోటోలవలె కుదించి ఫోనులో దాచుకొన్నచో గడులు చెదరి అట్టలకు పనికిరావు. మూల ఫైలునే నకలు తీయవలెను.

గత వేసవిలో మా కార్యాలయపు డిస్కు ఇట్లే ఆగినది. శనివారపు నకలు కార్యదర్శి ఇంటిలోను, చిట్టా పుస్తకము కార్యాలయములోను ఉన్నందున నాలుగు దినముల పద్దులు మాత్రము తిరిగి వ్రాసికొంటిమి. కూలి బట్వాడా ఒక్కపూట కూడ ఆగలేదు. కంప్యూటరు వచ్చినదని చిట్టా మానిన సంఘములు దానిని మరల తెరువవలెనని మా కోరిక. నకళ్ళకు రెండు డిస్కులుంచి, ఒకటి కార్యాలయము వెలుపల ఉండునట్లు వారమునకొకసారి మార్చుకొనవలెను.

విండోసు 11 సిద్ధము చేసిన పెన్ డ్రైవు మా కార్యాలయములో ఉన్నది. కావలసిన సంఘములవారు తమ ఖాళీ పెన్ డ్రైవు తెచ్చుకొని పనివేళలలో సిద్ధము చేయించుకొని పోవచ్చును.